అప్పు 30 ఏళ్ళది, టీమ్ 21 సీజన్లది: సెయింట్ లూయిస్ డోమ్ కేస్ స్టడీ

నేను మునిసిపల్ ఫైనాన్స్‌లో పనిచేస్తాను. సిటీలు, కౌంటీలు ఏదైనా కట్టడానికి బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకుంటాయి కదా, ఆ అప్పు ఎలా తీరుతుంది, ఎవరు తీరుస్తారు, తీర్చలేకపోతే ఎవరి మెడకి చుట్టుకుంటుంది అని లెక్కలు చూడటం నా పని. ఎక్కువగా వచ్చేవి నీళ్ళ పైపులు, స్కూళ్ళు, బ్రిడ్జిలు. ఎప్పుడో ఒకసారి స్టేడియం ఫైల్ వస్తుంది, అది వచ్చిన రోజు మీటింగ్ తీరే మారిపోతుంది. పైపుల మీద రెండు గంటలు నిలదీసిన కౌన్సిల్ మెంబర్ స్టేడియం దగ్గరకి వచ్చేసరికి రెండు ప్రశ్నలతో సరిపెట్టేస్తాడు, ఎందుకంటే చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని మ్యాచ్‌కి వెళ్ళిన జ్ఞాపకం ఆయనకీ ఉంటుంది. అందులో తప్పేం లేదు, నాకూ ఆటలంటే ప్రాణమే. కానీ ఆ ఇష్టాన్ని పక్కన పెట్టి కాగితం చదవాల్సిన మనిషి ఆ గదిలో ఒక్కడైనా ఉండాలి.

మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట చదివించేది అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ డోమ్ (పైకప్పు ఉన్న స్టేడియం) కేసు. ప్రొఫెషనల్ టీమ్ కోసం ఊరి డబ్బుతో స్టేడియం కట్టొచ్చా అన్న ప్రశ్నకి ఇంత పూర్తిగా, మొదటి నుంచి చివరి దాకా జవాబు దొరికే కేసు నాకు ఇంకోటి కనపడలేదు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, లీగ్ అంటే ఎన్ఎఫ్ఎల్.

కథ 1988లో మొదలవుతుంది. సెయింట్ లూయిస్‌లో కార్డినల్స్ అని ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉండేది (అదే పేరుతో ఉన్న బేస్‌బాల్ టీమ్ వేరు, అది ఇప్పటికీ అక్కడే ఉంది). కొత్త స్టేడియం విషయం తేలకపోవడంతో ఓనర్ టీమ్‌ని అరిజోనాకి తీసుకెళ్ళిపోయాడు. టీమ్ పోయిన ఊరి బాధ చాలా పెద్దది, ఆ బాధలో తీసుకునే నిర్ణయాలు కూడా అంత పెద్దవే. రాష్ట్రం, సిటీ, కౌంటీ మూడూ కలిసి దాదాపు 28 కోట్ల డాలర్లతో కన్వెన్షన్ సెంటర్‌కి ఆనించి ఒక డోమ్ కట్టడం మొదలుపెట్టాయి, అప్పటికి చేతిలో టీమ్ లేదు. టీమ్ వస్తుందన్న నమ్మకంతోనే పునాది తవ్వారు. 1993లో లీగ్ రెండు కొత్త టీమ్‌లు ఇచ్చింది, అవి షార్లెట్‌కీ జాక్సన్‌విల్‌కీ వెళ్ళాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, బేరంలో ఎవరిది పైచెయ్యి అనేది ఇక్కడే తేలిపోయింది. సగం లేచిన బిల్డింగ్, తల మీద 30 ఏళ్ళ అప్పు, ఆడే టీమ్ లేదు. అప్పుడే లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఆడుతున్న రామ్స్ అనే టీమ్ వేరే ఊరు వెతుక్కుంటోంది. అలాంటి పరిస్థితిలో వాళ్ళు అడిగింది ఊరు కాదనలేదు. అద్దె నామమాత్రం, స్టేడియంలో తిండీ డ్రింకులూ అమ్మిన డబ్బు, బాక్స్ సీట్ల డబ్బు, ప్రకటనల డబ్బులో ఎక్కువ భాగం టీమ్‌కే. 1995లో రామ్స్ వచ్చారు. తమాషా ఏమీ కాదు, నిజంగానే ఊరంతా పండగ చేసుకుంది, 2000 జనవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ కూడా గెలిచారు.

అద్దె ఎందుకంత తక్కువ అని కొత్తవాళ్ళు ఎప్పుడూ అడుగుతారు. టీమ్ గట్టిగా బేరమాడటం ఒక కారణం. ఆ కాలంలో కట్టిన చాలా స్టేడియాల వెనక ఇంకో కారణం ఉంది, అదేంటంటే 1986లో మారిన ఫెడరల్ పన్నుల చట్టం. ప్రైవేట్ టీమ్‌ల స్టేడియాలకి పన్ను మినహాయింపు బాండ్లు (వాటి వడ్డీ మీద ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు, అందుకే అప్పు చవగ్గా దొరుకుతుంది) వాడకుండా ఆపాలని ఆ మార్పు చేశారు. రూల్ ప్రకారం వాడకంలో 10 శాతం మించి ప్రైవేట్‌ది అయ్యి, దాంతోపాటు అప్పు వాయిదాల్లో కూడా 10 శాతం మించి ప్రైవేట్ డబ్బు ఉంటే మినహాయింపు పోతుంది. రెండూ ఉంటేనే పోతుంది, ఒక్కటే ఉంటే పోదు. స్టేడియం వాడకం ఎలాగూ టీమ్‌దే, అది మార్చలేరు, కాబట్టి రెండో దాన్ని తప్పించారు: టీమ్ నుంచి అద్దె ఎక్కువ తీసుకుంటే ఆ డబ్బు అప్పు వాయిదాలోకి వెళ్ళి మినహాయింపు పోతుందని భయపడి అద్దె తగ్గించేసి, వాయిదాలు దాదాపు పూర్తిగా పన్నుల నుంచి కట్టడం మొదలుపెట్టారు. స్టేడియాలకి ప్రజల డబ్బు వెళ్ళకూడదని తెచ్చిన రూలే వాటి ఖర్చు మొత్తం ప్రజల మీదకి నెట్టింది. సెనేటర్ మోయినిహన్ 1996లో దీన్ని సరిచేయడానికి బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

ఇప్పుడు అసలు కాగితం దగ్గరకి వద్దాం. డోమ్ లీజు 30 ఏళ్ళది. అప్పు కూడా 30 ఏళ్ళది. పైపైన చూస్తే రెండూ సరిపోయాయి, చాలామంది అక్కడితో ఆపేస్తారు. కానీ లోపల ఒక షరతు ఉంది, 'ఫస్ట్ టియర్' అంటారు. 10 ఏళ్ళకి ఒకసారి, 20 ఏళ్ళకి ఒకసారి, అంటే 2005లో, 2015లో, ఈ డోమ్ లీగ్‌లో ఉన్న స్టేడియాలన్నిటిలో పై పాతిక శాతంలో ఉండాలి. లేకపోతే లీజు ఏడాదికోసారి రెన్యూ చేసుకునే లీజు అయిపోతుంది, టీమ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోవచ్చు.

కొత్తవాళ్ళ చేత ఈ షరతు రెండుసార్లు గట్టిగా చదివిస్తాను. ఇది 'బిల్డింగ్ బాగా ఉంచాలి' అనే షరతు కాదు. డోమ్‌లో ఒక్క కుర్చీ విరక్కపోయినా, ఒక్క చుక్క నీరు కారకపోయినా, మెయింటెనెన్స్ అద్దంలా చేసినా సిటీ ఓడిపోతుంది, ఎందుకంటే కొలత డోమ్ లోపల లేదు, మిగతా ఊళ్ళు ఏం కడుతున్నాయి అన్నదాంట్లో ఉంది. 32 టీమ్‌లలో పై పాతిక అంటే మొదటి 8. 1995 తర్వాత 20 ఏళ్ళలో ఆ లీగ్‌లో దాదాపు 20 కొత్త స్టేడియాలు లేచాయి. డాలస్ టీమ్ 2009లో తెరిచిన దానికే 100 కోట్ల డాలర్లు దాటింది. అలాంటి పోటీలో 28 కోట్ల డోమ్ మొదటి 8లో ఉండాలంటే ఏం చేయాలి? ప్రతి పదేళ్ళకీ దాదాపు కొత్త స్టేడియం కట్టాలి. మిగతా ఊళ్ళు ఎంత ఖర్చు పెడతాయో అంత నేనూ పెడతాను అని ముందే రాసి ఇచ్చినట్టు. బాండ్ల భాషలో దీన్ని పరిమితి లేని బాధ్యత అంటాం, ఏ నీళ్ళ పైపుల ప్రాజెక్టులోనూ ఇలాంటిది ఎవరూ ఒప్పుకోరు.

2005 గండం కొన్ని అప్‌గ్రేడ్‌లతో, సర్దుబాటుతో గడిచింది. 2012లో రెండో గడువు ముంచుకొస్తుంటే డోమ్‌ని నడిపే కన్వెన్షన్ కమిషన్ 12.4 కోట్ల డాలర్ల ప్లాన్ ఇచ్చింది, అందులో సగం టీమ్ పెట్టుకోవాలని అడిగింది. రామ్స్ తిరిగి ఇచ్చిన ప్లాన్ ఖర్చు సుమారు 70 కోట్లు. గొడవ ఆర్బిట్రేషన్‌కి, అంటే కోర్టు బయట మధ్యవర్తుల తీర్పుకి, వెళ్ళింది. 2013 ఫిబ్రవరిలో ఆర్బిట్రేటర్లు టీమ్ ప్లానే ఫస్ట్ టియర్ షరతుకి సరిపోతుందన్నారు. కాగితం చదివితే వాళ్ళు చెప్పింది కరెక్టే, తప్పు వాళ్ళది కాదు, 1995లో సంతకం పెట్టినప్పటిది. అంత డబ్బు పెట్టలేమని ఊరు చెప్పేసింది, ఆ నిర్ణయం నా లెక్కలో ఈ మొత్తం కథలో తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. 28 కోట్ల బిల్డింగ్‌కి 70 కోట్ల రిపేర్ చేస్తే టీమ్ ఇంకో పదేళ్ళు ఉండేది, తర్వాత మళ్ళీ అదే బేరం.

2014 జనవరిలో ఓనర్ స్టాన్ క్రాంకీ లాస్ ఏంజెలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో 60 ఎకరాలు కొన్నాడని బయటకొచ్చింది. అప్పుడైనా ఆగుంటే బావుండేది. ఆగలేదు. గవర్నర్ జే నిక్సన్ ఒక టాస్క్ ఫోర్స్ వేశారు, నది ఒడ్డున 100 కోట్ల డాలర్ల పైన ఖర్చయ్యే కొత్త స్టేడియం ప్లాన్ గీశారు, ఆ ప్లానింగ్‌కే 1.6 కోట్ల డాలర్ల పైన పోయింది. స్టేడియానికి సిటీ డబ్బు పెట్టాలంటే ముందు జనం ఓటు అడగాలని సిటీలో ఒక రూల్ ఉండేది, దాన్ని 2015లో కోర్టు కొట్టేసింది, ఓటు లేకుండానే 2015 డిసెంబర్‌లో సిటీ తన వాటాకి ఒప్పుకుంది. నెల తిరగకుండా, 2016 జనవరి 12న, లీగ్ ఓనర్లు 30-2 ఓట్లతో రామ్స్ వెళ్ళిపోవడానికి పర్మిషన్ ఇచ్చేశారు.

ఇక అప్పు సంగతి. డోమ్‌కి ఏటా రాష్ట్రం 1.2 కోట్లు, సిటీ 60 లక్షలు, కౌంటీ 60 లక్షలు, మొత్తం 2.4 కోట్ల డాలర్లు వాయిదాకీ మెయింటెనెన్స్‌కీ కడుతూ వచ్చాయి. 30 ఏళ్ళకి 72 కోట్లు. టీమ్ వెళ్ళిపోయే నాటికి ఇంకా 14.4 కోట్లు మిగిలే ఉన్నాయి, ఆదివారం మ్యాచ్ లేని డోమ్‌కి ఆ డబ్బు ఏళ్ళ తరబడి కడుతూనే పోయారు.

ఈ నంబర్ ఎంత పెద్దదో అర్థం కావాలంటే సీటు లెక్క చేసి చూడాలి, నేను ప్రతి స్టేడియం ఫైల్‌లో చేసే మొదటి లెక్క ఇదే. ఆ రోజుల్లో ఒక ఫుట్‌బాల్ టీమ్ సొంత ఊళ్ళో ఏడాదికి 10 మ్యాచ్‌లు ఆడేది, ప్రాక్టీస్ మ్యాచ్‌లు రెండు కలిపి. 2.4 కోట్లని 10తో భాగిస్తే మ్యాచ్‌కి 24 లక్షల డాలర్లు. డోమ్‌లో సీట్లు సుమారు 66 వేలు. అంటే హౌస్‌ఫుల్ అయిన రోజు కూడా ఒక్కో సీటుకి 36 డాలర్ల పైన ప్రజలు కడుతున్నారు, ఇది టికెట్ డబ్బుకి అదనం, మ్యాచ్ చూడనివాళ్ళ దగ్గర నుంచి కూడా వసూలయ్యేది. డోమ్‌లో కన్వెన్షన్లు, కచేరీలు కూడా జరిగాయి కాబట్టి ఖర్చంతా ఫుట్‌బాల్ మీదే వేయడం పూర్తి న్యాయం కాదు, 1999లో పోప్ జాన్ పాల్ ప్రార్థన సభ కూడా అందులోనే జరిగింది. సగం ఖర్చు వాటికి రాసేసినా సీటుకి 18 డాలర్లు మిగులుతుంది.

మరి లాభం? స్టేడియం వస్తే ఉద్యోగాలొస్తాయి, హోటళ్ళు నిండుతాయి, పన్నులొస్తాయి అని ప్రతి రిపోర్టూ చెప్తుంది. ఇలాంటి రిపోర్టులు నేను చాలా చదివాను, అన్నిట్లో తప్పు ఒకే చోట జరుగుతుంది. ఊళ్ళోవాళ్ళు స్టేడియంలో పెట్టిన ఖర్చునంతా ఊరికి కొత్తగా వచ్చిన డబ్బుగా రాసేస్తారు. ఒక కుటుంబం ఆదివారం మ్యాచ్‌కి 300 డాలర్లు పెట్టిందంటే ఆ నెలలో వాళ్ళు సినిమాకీ, బయట భోజనానికీ వెళ్ళడం తగ్గిస్తారు, అంటే డబ్బు ఊళ్ళోనే ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది అంతే. పైగా మారిన జేబు పెద్దగా ఊళ్ళో ఉండదు: టికెట్ డబ్బులో పెద్ద భాగం ఆటగాళ్ళ జీతాలకీ ఓనర్‌కీ వెళ్తుంది, వాళ్ళలో చాలామంది ఆ డబ్బు వేరే ఊళ్ళలో ఖర్చు పెడతారు, పక్క వీధి హోటల్ ఓనర్ అయితే ఇక్కడే పెట్టేవాడు. స్టేడియం ఉద్యోగాలంటారా, ఏడాదికి 10 రోజులు గేటు దగ్గర టికెట్ చూసే పని, దాంతో ఇల్లు గడవదు. ఒక సిటీ ఫైల్‌లో బయటి ఊళ్ళ నుంచి వచ్చే ప్రేక్షకుల శాతం నమ్మలేనంత ఎక్కువగా కనపడితే ఈ నంబర్ ఎక్కడిది అని అడిగాను, టీమ్ ఇచ్చిందన్నారు. టికెట్ కొన్నవాళ్ళ పిన్‌కోడ్‌లు ఇవ్వమంటే నెల తర్వాత ఇచ్చారు, రిపోర్ట్ మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది.

ఎకనమిస్టులు దేని మీదా ఒక మాట మీద ఉండరని అంటారు కానీ స్టేడియాల విషయంలో దాదాపు అందరిదీ ఒకటే మాట. 2017లో చికాగో యూనివర్సిటీ వాళ్ళ ప్యానెల్ పేరున్న ఎకనమిస్టులని ఈ ప్రశ్నే అడిగితే, స్టేడియం సబ్సిడీల వల్ల వచ్చే లాభం కన్నా పన్ను కట్టేవాళ్ళకి పడే ఖర్చే ఎక్కువ ఉండొచ్చని 83 శాతం ఒప్పుకున్నారు.

ఇంత తెలిసీ ఊళ్ళు ఎందుకు ఒప్పుకుంటాయి? మేయర్లు తెలివిలేనివాళ్ళు కాదు. టీమ్‌లు 32, కావాలనుకునే ఊళ్ళు అంతకన్నా ఎక్కువ, ఎన్ని టీమ్‌లు ఉండాలో తేల్చేది టీమ్ ఓనర్లే. 1995 నుంచి 2015 సీజన్ దాకా అమెరికాలో రెండో పెద్ద నగరం లాస్ ఏంజెలెస్‌కి ఒక్క ఎన్ఎఫ్ఎల్ టీమ్ కూడా లేదు. అంత పెద్ద మార్కెట్ ఖాళీగా ఉన్నంతకాలం ఏ ఓనర్ అయినా సొంత ఊరి మేయర్‌తో 'లేకపోతే అక్కడికి వెళ్తా' అనగలడు, చాలామంది అన్నారు, చాలా ఊళ్ళలో స్టేడియాలు లేచాయి. ఆ కుర్చీ ఖాళీగా ఉండటమే లీగ్‌కి బలం. చివరికి ఆ కుర్చీలో కూర్చుంది రామ్స్, ఇంగిల్‌వుడ్‌లో వాళ్ళ స్టేడియం 2020లో తెరిచింది, ఖర్చు 500 కోట్ల డాలర్ల దాకా, అదీ ప్రధానంగా ప్రైవేట్ డబ్బుతో. ఈ మాట చెప్పినప్పుడు నాకు ప్రతిసారీ కడుపు మండుతుంది, ఎందుకంటే 70 కోట్ల రిపేర్ ఖర్చు చిన్న ఊరి నెత్తిన పెట్టాలని చూసిన అదే టీమ్ వేరే చోట దానికి ఏడింతలు తనే పెట్టుకోగలిగింది.

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే, కానీ జనం దీన్ని తప్పుగా గుర్తుపెట్టుకుంటారు. 2017లో సిటీ, కౌంటీ, డోమ్ అథారిటీ (డోమ్ ఎవరి పేరు మీద ఉందో ఆ ప్రభుత్వ సంస్థ) కలిసి లీగ్ మీద కేసు వేశాయి. టీమ్‌ని తరలించే ముందు సొంత ఊళ్ళో ఉండటానికి నిజాయితీగా ప్రయత్నించాలని లీగ్‌కి సొంత రూల్స్ ఉన్నాయి, వాటిని పాటించలేదన్నది వాళ్ళ వాదన. 2021 నవంబర్‌లో 79 కోట్ల డాలర్లకి సెటిల్ అయ్యింది. అందులో మూడో వంతు పైన లాయర్లకి పోయింది, మిగిలిన దాంట్లో సిటీకి సుమారు 25 కోట్లు, కౌంటీకి 16.9 కోట్లు. 'చివరికి ఊరే గెలిచింది కదా' అని ఒక మీటింగ్‌లో నాతో ఒకాయన వాదించారు. నేను ఒప్పుకోను. ఆ డబ్బు స్టేడియం సంపాదించింది కాదు, టీమ్ వెళ్ళిన తీరు మీద కోర్టులో కొట్లాడితే వచ్చింది. ఇంకో ఊరికి అలాంటి సాక్ష్యాలు, అలాంటి లాయర్లు, అలాంటి జడ్జి దొరుకుతారని ఎవరూ చెప్పలేరు, దాన్ని ప్లాన్‌లో ఆదాయంగా రాయలేం.

నాకు ఈ కేసులో ఎక్కువ పనికొచ్చేది 2017 ఏప్రిల్ ఓటు. రామ్స్ వెళ్ళిన ఏడాదికే సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) టీమ్ కోసం కొత్త స్టేడియం ప్లాన్ వచ్చింది, సిటీని 6 కోట్ల డాలర్లు అడిగారు. ఈసారి జనాన్ని ఓటు అడిగారు, జనం వద్దన్నారు, 53-47 దగ్గర్లో. ఇక ఆ ఊరికి టీమ్ రాదని అందరూ రాసేశారు. 2019లో అదే ఊరికి టీమ్ వచ్చింది, కొత్త ఓనర్లు స్టేడియం ప్రధానంగా సొంత డబ్బుతోనే కట్టుకున్నారు, 2023 నుంచి అక్కడ మ్యాచ్‌లు జరుగుతున్నాయి. పన్ను రాయితీల రూపంలో కొంత పబ్లిక్ సాయం అందులోనూ ఉంది, దాన్ని దాచకూడదు. కానీ 30 ఏళ్ళ వాయిదాలు ఊరి మెడలో లేవు, టీమ్ రేపు పోతే ఆ బిల్డింగ్ బాధ ఓనర్‌ది. అదే రాష్ట్రం ఇంకో చివర కాన్సాస్ సిటీ ఉన్న జాక్సన్ కౌంటీలో 2024 ఏప్రిల్‌లో స్టేడియాల కోసం సేల్స్ టాక్స్ పొడిగించాలా అంటే 58 శాతం వద్దన్నారు, రెండు నెలలకే పక్క రాష్ట్రం కాన్సాస్ స్టేడియం ఖర్చులో 70 శాతం దాకా బాండ్లతో ఇస్తామని చట్టం చేసింది. ఒక ఊరు వద్దంటే పక్కవాళ్ళు పాట పెంచుతారు, అందుకని ఒక్క ఊరు ఒంటరిగా గట్టిగా నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు, వద్దని ఓటేస్తే ప్రతిసారీ సాకర్ టీమ్ లాగే జరుగుతుందని నేను చెప్పను.

కాబట్టి కట్టాలా వద్దా అని నన్ను అడిగితే నా సలహా వద్దు అనే. రోడ్డు, డ్రైనేజీ, స్థలం దాకా సరే, బిల్డింగ్ టీమ్‌ది, అప్పు టీమ్‌ది. ఎన్నికైనవాళ్ళు కాదు కట్టాల్సిందే అని తేలిస్తే అది వాళ్ళ హక్కు, టీమ్ ఉండటం వల్ల ఊరికి కలిగే సంతోషం నిజమైనదే, దానికి ఒక ధర కట్టి ఇంతిస్తాం అని జనానికి చెప్పి ఓటు తీసుకుంటే నేను అడ్డు చెప్పను. అప్పుడు నా పని రెండు తేదీలు చూడటం: ఆఖరి వాయిదా తేదీ, టీమ్ జరిమానా లేకుండా వెళ్ళిపోగలిగే మొదటి తేదీ. రెండోది మొదటిదాని కన్నా ముందుంటే ఆ తేడా ఉన్నన్ని ఏళ్ళ వాయిదాలూ టీమ్ గ్యారంటీ ఇవ్వాలి. తర్వాత ఖర్చు పెరిగితే ఎవరిది, ఆదాయంలో ఊరి వాటా ఎంత, టీమ్‌ని అమ్మితే వచ్చే లాభంలో వాటా ఉందా, ఇవన్నీ.

ఈమధ్య నా దగ్గరకి వచ్చిన ఒక డ్రాఫ్ట్ లీజులో, పార్కింగ్ మ్యాప్ తర్వాత పేజీలో, స్టేడియాన్ని 'సాటి స్టేడియాల స్థాయిలో' ఉంచాలని ఒక్క లైన్ ఉంది. ఎర్ర పెన్నుతో చుట్టి వెనక్కి పంపాను. సిటీ లాయర్ ఫోన్ చేసి, అందరి లీజుల్లోనూ ఉండే మాటేనని టీమ్ వాళ్ళు అంటున్నారండీ అన్నారు. ఫోన్‌లోనే ఆయనకి డోమ్ షరతు గురించి, 12.4 కోట్లకీ 70 కోట్లకీ మధ్య తేడా గురించి చెప్పాను. తర్వాతి డ్రాఫ్ట్‌లో ఆ లైన్ లేదు, దాని చోట ఏయే రిపేర్లు ఎవరివి అని లిస్టు, ఏడాదికి ఇంతకి మించకూడదని ఒక నంబర్ వచ్చాయి. తేదీల దగ్గర మాత్రం ఇంకా తేలలేదు: బాండ్లు 30 ఏళ్ళకి, టీమ్ ఉంటానంటున్నది 20 ఏళ్ళు. ఈ ఒప్పందం మీద మా అభిప్రాయం రాసిచ్చే ఒపీనియన్ లెటర్ మీద నేనింకా సంతకం పెట్టలేదు.